రాచపుండు పరిచర్య – తెలుగునాట నర్సుల శిక్షణము

రాజోలు సీమ నీటి నడుమనున్న నేల. ఒక ప్రక్క వసిష్ఠ, ఒక ప్రక్క వైనతేయ, దక్షిణమున సముద్రము. పందొమ్మిదవ శతాబ్ది నడుమ కాటను దొర నాటి ఇంజనీర్లు గన్నవరమువద్ద వైనతేయపై అక్విడక్టు కట్టి కాలువనీటిని ఈ లంకలోనికి తెచ్చిరి. నాటినుండి ఇక్కడి వరిచేలకు, కొబ్బరితోటలకు నీటి కరవు లేదు. కాని పంటకు మేలుచేసిన నీరే రోగికి అడ్డమైనది. వంతెనలు రాకపూర్వము ఈ ప్రాంతపు రోగి పెద్ద ఆసుపత్రికి పోవలెనన్న రేవు దాటవలెను. పడవకొరకు గట్టున వేచియుండవలెను. ఆవలి ఒడ్డున బస్సునో, నరసాపురములో రైలునో పట్టుకొనవలెను. ప్రాణము మీదికి వచ్చినగాని ఇంతటి ప్రయాణమునకు ఎవరును పూనుకొనెడివారు కారు. అందుచేత రోగిని మొదట చూచునదియు, తుదివరకు చూచునదియు ఊరిలోని నర్సమ్మయే.

1970 ప్రాంతమున మా మేనత్తగారు రాజోలునకు నాలుగైదు మైళ్ళ దూరమున ఒక లంకగ్రామములో ఉండెడివారు. ముట్లుడిగి ఆరేండ్లయిన తరువాత ఆమెకు ఎర్రబట్ట కనుపించినది. ఇంట మగవారికి చెప్పలేదు, కోడండ్రకును చెప్పలేదు. కాన్పులకు వచ్చు నర్సమ్మతో మాత్రము, పెరటిలో నూతివద్ద, మెల్లగా చెప్పినారు. "వేడి చేసుంటుంది పిన్నిగారూ, బలానికి మందిస్తాను" అని ఆమె సమాధానము. ఆమె మంచి నర్సు. ఆ ఊరి పిల్లలలో సగముమంది ఆమె చేతులమీద పుట్టినవారే. వరదకాలమున మొలలోతు నీటిలో నడచి కాన్పులకు వచ్చెడిది. ఎనిమిది నెలల తరువాత ఒక పట్టణపు ఆసుపత్రిలో డాక్టరుగారు పరీక్షచేసి, ఇక చేయగలిగినది లేదని మా పెదనాన్నగారితో నడవలో నిలబడి ఇంగ్లీషులో చెప్పినారు. మేనత్తగారికి ఎవరును ఏమియు చెప్పలేదు. ఇంటికి తెచ్చిన తరువాత మూడు నెలలు బ్రతికినారు. ఆ మూడు నెలలలో నొప్పి ఒక బాధ, దుర్వాసన అంతకు మించిన బాధ. మనుమలను గదిలోనికి రానిచ్చెడివారు కారు. ఆ నర్సమ్మయే ప్రతిదినము వచ్చి, కడిగి, గుడ్డలు మార్చి పోయెడిది. ఒకనాడు మా వాకిటి అరుగుపై కూర్చుండి, "ఇది ఇలాంటిదని నాకెవరూ చెప్పలేదండీ" అని కన్నీరు పెట్టుకొన్నది.

ఆమెను మేము ఎన్నడును తప్పుపట్టలేదు. ఆమెకు ఆ సంగతి ఎవరు చెప్పవలసియుండెను? ఎప్పుడు చెప్పవలసియుండెను? ఈ ప్రశ్నను పట్టుకొని వెనుకకు పోయినచో మన దేశపు నర్సుల విద్యయొక్క చరిత్ర మొత్తము ఎదుటికి వచ్చును.

మనవైపు ఈ విద్య మదరాసులో పుట్టినది. 1854లో అక్కడ మంత్రసానుల శిక్షణకు ప్రభుత్వము ఒక పాఠశాలను మంజూరు చేసినది. 1871లో మదరాసు జనరలు ఆసుపత్రిలో నర్సుల శిక్షణ ఆరంభమైనది. తెలుగు జిల్లాలలో ఈ పని ముఖ్యముగా మిషను ఆసుపత్రులది. 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికను లూథరను మిషను వైద్యురాలు అన్నా సారా కుగ్లరు 1898లో స్త్రీలకొరకు ఆసుపత్రి తెరచినారు. ఆమె 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూసినారు. రాజమహేంద్రవరమున లూథరనులు 1911లో స్త్రీల ఆసుపత్రి నెలకొల్పినారు. రాజోలునకు ఎదుటి ఒడ్డున, నరసాపురము కేంద్రముగా, గోదావరి డెల్టా మిషనువారు కుష్ఠరోగుల పరిచర్య చేసినారు. ఇట్టి చోట్ల చేరిన తెలుగు యువతులు పుండు కడుగుట, కట్టు కట్టుట, జ్వరము లెక్క వ్రాయుట, కాన్పు చేయుట నేర్చినారు. 1926లో మదరాసు శాసనసభ నర్సుల, మంత్రసానుల చట్టము చేయుటతో వారి పేర్లు రిజిస్టరులోనికి ఎక్కినవి.

ఆ పాఠములలో క్యాన్సరు ఊసు ఇంచుమించు లేదు. అందులకు కారణము లేకపోలేదు. కలరా, మసూచి, మలేరియా, పురిటి జ్వరము ఊళ్ళను తుడిచిపెట్టుచున్న దినములవి. స్వాతంత్ర్యము వచ్చునాటికి మన సగటు ఆయుర్దాయము 32 ఏండ్ల ప్రాంతము. నడివయసు దాటినవారిని ఎక్కువగా పట్టుకొను రోగమునకు అప్పటి పాఠ్యప్రణాళికలో చోటెక్కడిది? రాచపుండు, పుట్టకురుపు అను మాటలు మన భాషలో పూర్వమునుండియు ఉన్నవి. ఆ మాట విన్నంతనే రోగి కర్మమని విడిచిపెట్టుట కూడ పూర్వమునుండియు ఉన్నది.

మరియొక సంగతి. గన్నవరమున డొక్కా సీతమ్మగారు రేవు దాటి వచ్చిన బాటసారులకు వేళ కాని వేళ అన్నము పెట్టి దేశమంతట పూజలందుకొన్నారు. ఇంటిలో చేసిన సేవకు మన సీమలో ఇంతటి గౌరవము. జీతమునకు రోగి పుండు కడిగిన స్త్రీకి మాత్రము ఆ గౌరవము దక్కలేదు. మైల, అంటు, రాత్రి వేళ పని అను ఆక్షేపణలతో అగ్రవర్ణ కుటుంబములు ఆడపిల్లలను ఈ విద్యకు పంపలేదు. క్రైస్తవ కుటుంబములవారు, నిరుపేదలు, దిక్కులేని వితంతువులు ఈ పని నిలబెట్టినారు. రాజమహేంద్రవరమున 1909లో పుట్టిన దుర్గాబాయి ఈ సంగతి బాగుగా ఎరిగిన మనిషి. 1937లో మదరాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ విద్యతోబాటు వైద్యసేవను కూడ చేపట్టినది. పిమ్మట కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘము అధ్యక్షురాలుగా ఆమె 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా తరగతులు ఆరంభింపజేసినారు. చదువు నడుమ ఆగిపోయిన స్త్రీలు రెండేండ్లలో పరీక్షకు కూర్చుండి ఉపాధ్యాయినులు, నర్సులు, మంత్రసానులు కాగలుగుటకు ఆ తరగతులు దారి చూపినవి. మా నర్సమ్మవంటివారి వెనుక ఇట్టి కథలు ఎన్ని యున్నవో!

ఇక క్యాన్సరు సంగతి. ఈ రోగమును గురించి లోకమునకు కొత్త సంగతి తెలిపిన ప్రదేశములలో మన కోస్తా ఒకటి. ఉత్తర కోస్తాలో స్త్రీలు చుట్ట వెలిగించి నిప్పు కొనను నోటిలోపల ఉంచుకొని పొగ త్రాగుదురు. దీనికి అడ్డపొగ యని పేరు. గాలికి చుట్ట ఆరదు, నిప్పు చంటిపిల్లమీద రాలదు, చేతులు రెండును పనికి ఖాళీగా ఉండును. అలవాటునకు ఇట్టి సమర్థనలు చాల కలవు. ఆ నిప్పు వేడి అంగిలిని కాల్చును. 1937లో విశాఖపట్నపు వైద్యులు కిని, సుబ్బారావు గార్లు ఇక్కడి క్యాన్సరు సమస్యను గూర్చి ఇండియను మెడికలు గెజెటులో వ్రాసినారు. 1945లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రి శాస్త్రజ్ఞుడు ఖానోల్కరు, సూర్యాబాయితో కలిసి, మన దేశాచారములనుండి పుట్టు క్యాన్సరులను వర్ణించుచు చుట్టను అందులో చేర్చినారు. 1957లో డాక్టరు డి. గోవిందరెడ్డిగారు, తమ సహచరునితో కూడి, కోస్తా ఆంధ్రమున అంగిలి క్యాన్సరునకు అడ్డపొగయే కారణమని ప్రకటించినారు. 1971లో డెన్మార్కు దేశీయుడు పిండుబోర్గు, బొంబాయి దంతవైద్యుడు ఫాలీ మెహతా మొదలగువారు శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించిన ఫలితములు వెలువరించినారు. వారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ త్రాగువారే.

రాజోలు వైపు అడ్డపొగ అంత లేదు గాని, లంక పొగాకు చుట్టకు గోదావరి జిల్లాలు పెట్టినది పేరు. మా తాతగారి తరములో చుట్ట లేని రచ్చబండ లేదు.

శ్రీకాకుళపు పరిశోధనలో మాకు ముఖ్యమని తోచినది వేరొకటి కలదు. అంగిలిపై తెల్లదనము, ఎర్రని చుక్కలు, పొర మందమగుట మొదలగు మార్పులు క్యాన్సరు కాకమునుపే కంటికి కనబడును. అందుకు ఎక్స్-రే యంత్రము అక్కరలేదు. ఒక టార్చిలైటు, నాలుకను అదుముటకు ఒక చెక్కపలక, ఏమి చూచుచున్నామో ఎరిగిన కన్ను ఉన్న చాలును. 1980ల దశాబ్దమున సింహళములోను, కేరళలోని ఎర్నాకుళము జిల్లాలోను గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి ఇంటింటికి పంపగా, వారు అనుమానపు మచ్చలను పోల్చగలిగినారు. తరువాత తిరువనంతపురము జిల్లాలో పెద్ద ఎత్తున జరిగిన పరిశోధన ఫలితము 2005లో వెలువడినది. పొగాకు, మద్యము వాడువారిలో నోటి క్యాన్సరు మరణములు నూటికి సుమారు 34 తగ్గినవని తేలినది.

అనగా శాస్త్రము 1957నాటికే మన చెంతకు వచ్చినది. దానిని ఇండ్లకు మోసికొనిపోవు చేతులకు చెప్పుటయే ఆలస్యమైనది.

ఈ ఆలస్యమునకు కారణము మన చూపంతయు యంత్రములపై ఉండుట. 1898లో క్యూరీ దంపతులు రేడియము కనుగొన్న పిమ్మట క్యాన్సరు వైద్యమనగా కిరణములే యను నమ్మకము ప్రబలినది. 1934లో మదరాసు జనరలు ఆసుపత్రిలో బర్నార్డు రేడియాలజీ సంస్థ వెలసినది. 1941లో బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి. సోదరి ఈ రోగముతో మరణించుట చూచిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పట్టుదలతో 1954లో మదరాసు అడయారులో 12 పడకలతో క్యాన్సరు ఇన్‌స్టిట్యూటు. 1955లో హైదరాబాదులో, మెహదీ నవాజు జంగుగారి పేర, రేడియము సంస్థ. గోదావరి జిల్లాల రోగులకు చాలకాలము మదరాసే దిక్కు. తరువాతి కాలమున హైదరాబాదు వైపు దారి మరలినది. ఇప్పటికిని మనవారు కిరణ చికిత్సను "కరెంటు పెట్టించుట" అనియే చెప్పుకొందురు. అప్పు చేసి, కొబ్బరి దింపు అమ్ముకొని, కరెంటు పెట్టించుకొనుటకు పోయినవారెందరో.

ఈ సంస్థలు చేసిన మేలు తక్కువ కాదు. అక్కడి నర్సులు నేర్చిన విద్యయు చిన్నది కాదు. రేడియము సూదులు రోగి శరీరమున ఉన్నంతసేపు వాటిని లెక్కపెట్టి అప్పగించుట, రోగివద్ద ఎంతసేపు నిలువవలెనో, ఎంత దూరమున నిలువవలెనో ఎరుగుట, కాలిన చర్మమును సబ్బు తగులనీయక కాపాడుట మొదలగు సంగతులను పెద్ద నర్సువద్ద చూచి చిన్న నర్సు నేర్చెడిది. ఆ విద్య ఆ వార్డు గోడలలోనే ఉండిపోయినది. వార్డునుండి ఇంటికి పోయిన రోగివెంట అది పోలేదు.

1946లో వెలువడిన భోరు సంఘము నివేదిక మన దేశమున 43,000 మంది జనమునకు ఒక్క నర్సు గలదని లెక్కకట్టినది. ఆ కొరత తీర్చుటకు 1951లో సహాయక నర్సు-మంత్రసాని యను రెండేండ్ల శిక్షణ పుట్టినది. ఏ.ఎన్.ఎం. అని మనము పిలుచునది ఈమెనే. కాన్పులు, టీకాలు, ఆపైన కుటుంబ నియంత్రణ లక్ష్యములు ఆమె నెత్తిన పడినవి. 1973లో కర్తారు సింగు సంఘము ఆమెను బహుళార్థ కార్యకర్తగా మార్చుమని సూచించినది. "బహుళార్థము"లో ఈ రోగము చేరుటకు ఇంకను చాలకాలము పట్టినది. 1975లో జాతీయ క్యాన్సరు నియంత్రణ కార్యక్రమము ఏర్పడినప్పుడు సయితము మొదటి ధనము ఆసుపత్రులకు, యంత్రములకు పోయినది. ముందుగా కనుగొనుట ముఖ్యమని 1984లో దానిని సవరించినారు. మా మేనత్తగారు పోయి అప్పటికే పదునాలుగేండ్లు.

నర్సులకు నేర్పిన ఫలితము ఎంతటిదో అంకెలలో చూపినది మన పొరుగు తమిళదేశపు దిండిగల్లు జిల్లా. 2000వ సంవత్సరమునుండి అచ్చటి గ్రామములలో, 30 మొదలు 59 ఏండ్ల వయసు స్త్రీలకు, డాక్టరు శంకరనారాయణను మొదలగువారి ఆధ్వర్యమున గర్భాశయ ముఖద్వార పరీక్షలు జరిగినవి. పరీక్షించినవారు శిక్షణ పొందిన నర్సులు. పద్ధతి మిక్కిలి సులభము. వినిగరు వంటిదే యైన పలుచని ఎసిటిక్ ఆమ్లమును దూదితో ముఖద్వారమునకు అద్ది ఒక నిమిషము ఆగుదురు. చెడు మార్పు ఉన్నచోట తెల్లని మచ్చ తేలును. మచ్చ చిన్నదైనచో, వాయువు చలితో ఆ భాగమును గడ్డకట్టించి, క్యాన్సరు కాకమునుపే అణచివేయవచ్చును. దిండిగల్లులో ఈ చికిత్సను సయితము నర్సులే చేసినారు. పరీక్ష జరిగిన గ్రామములలో ఆ క్యాన్సరు నూటికి 25, దానివలన మరణములు నూటికి 35 తగ్గినవని 2007లో ప్రకటించినారు. బొంబాయి మురికివాడలలో పదవ తరగతి చదివిన కార్యకర్తలకు నేర్పి చేసిన పెద్ద పరిశోధనలో, 2014లో వచ్చిన లెక్క ప్రకారము, మరణములు నూటికి 31 తగ్గినవి.

ఈ పరిశోధనలపై ఒక ఆక్షేపణ కలదు. పోల్చి చూచుటకొరకు వేరుగా ఉంచిన గ్రామముల స్త్రీలకు పరీక్షలు చేయకపోవుట న్యాయమా యని పలువురు ప్రశ్నించినారు. అడుగవలసిన ప్రశ్నయే. ఫలితము తేలిన తరువాత మిగిలిన జిల్లాలు ఇన్నేండ్లు ఊరకుండుట న్యాయమా యని మేము అదనముగా అడుగుదుము.

మచ్చను కనుగొనుటతో శిక్షణ ముగియదు. కనుగొని ఊరకుండుట కనుగొనకపోవుటకంటె క్రూరము. రాజోలులో ఒక స్త్రీ రొమ్మున గడ్డను నర్సు తడిమి గుర్తించినదనుకొందము. ముక్క పరీక్షకు ఆమెను ఎక్కడికి పంపవలెను? చీటీ ఎవరికి వ్రాయవలెను? నెల తిరిగిన పిమ్మట ఆమె పోయినదో లేదో ఎవరు విచారింపవలెను? విశాఖపట్నము ఇక్కడికి 200 కిలోమీటర్లకు పైబడి ఉన్నది, హైదరాబాదు 400 పైబడి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము చికిత్స ఖర్చును చాలవరకు తేలికపరచినది. 2014లో విశాఖపట్నము చెంత అగనంపూడివద్ద టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఆరంభమైనది. దారి యున్నది. ఆ దారిని చెప్పగల మనిషి ఊరిలో ఉండవలెను.

చికిత్స నడుచు కాలమున నర్సు తెలివి మరింత అవసరము. కీమో మందు నరమునుండి ఒక్కింత బయటికి జారినచో కొన్ని మందులు చేతి కండను తినివేయును. "మంట పుడుతోంది" అని రోగి అన్న క్షణమున సూదిని ఆపవలెనని తెలిసిన నర్సు ఆ చేతిని కాపాడును. మందు ఎక్కించిన పది పదునాలుగు దినములలో తెల్లకణములు పడిపోవును. అప్పుడు వచ్చిన జ్వరము మామూలు జ్వరము కాదు, గంటలలో ప్రాణము తీయగలది. పట్టణములో కీమో ఎక్కించుకొని లంకకు తిరిగివచ్చిన రోగికి అర్ధరాత్రి జ్వరము వచ్చినచో, జ్వరము బిళ్ళ ఇచ్చి తెల్లవారనిమ్మని చెప్పు నర్సుకును, ఆ నిమిషముననే బండి కట్టించు నర్సుకును నడుమనున్న వ్యత్యాసము ఒక ప్రాణము. ఈ ఒక్క పాఠము చెప్పుటకు అరపూట చాలును.

పేదదేశములలో ఈ శిక్షణనిచ్చినవారు తరచు చెప్పుకొను బాధ ఒకటి యున్నది. క్యాన్సరు వార్డులో ఆరునెలలు కష్టపడి నేర్చిన నర్సును ఏడవ నెలలో కంటి వార్డునకో కాన్పుల వార్డునకో మార్చివేయుదురు. లేదా ఆమెయే మంచి జీతమునకు విదేశము పోవును. గోదావరి జిల్లాల ఆడపడుచులు గల్ఫు దేశములలో ఎందరు లేరు? పోయినవారిని తప్పుపట్టుట మా తరము కాదు. ఇచ్చట నేర్చిన విద్యకు ఇచ్చట ఒక హోదా, ఒక జీతము, ఒక స్థిరమైన చోటు కల్పించినచో ఎందరు నిలుతురో ఎవరును ఇంతవరకు ప్రయత్నించి చూడలేదు.

ఇక నొప్పి. ఇంగ్లండులో సిసిలీ సాండర్సు మొదట నర్సు. మరణించువారి నొప్పిని గూర్చి మాట్లాడిన నర్సు మాట డాక్టర్లు వినరని గ్రహించి, తానే వైద్యము చదివి, 1967లో లండనులో సెయింటు క్రిస్టఫరు ఆశ్రమము తెరచినది. మన దేశమున 1993లో కోళికోడులో డాక్టరు రాజగోపాలు మొదలగువారు నొప్పి నివారణ సంఘమును స్థాపించి, ఊరివారితోను నర్సులతోను ఇంటింటి పరిచర్య నడిపినారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. సంస్థలో డాక్టరు గాయత్రీ పాలటు నాయకత్వమున ఈ పరిచర్య వేళ్ళూనినది. తెలుగునాట నర్సులు ఈ విద్య నేర్చుటకు అది ముఖ్యమైన బడి అయినది. ఆఫ్రికాలోని ఉగాండా మరియొక అడుగు ముందుకు వేసినది. అన్నె మెర్రిమను అను వైద్యురాలు 1993లో అచ్చట ఆశ్రమము నెలకొల్పి, చౌకగా కలుపుకొనదగిన మార్ఫిను ద్రవమును వాడుకలోనికి తెచ్చినది. డాక్టర్లు లేని పల్లెలకొరకు, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులే మార్ఫిను వ్రాయవచ్చునని 2004లో ఆ దేశము నియమము చేసినది. మన దేశమున 1985నాటి మాదకద్రవ్యముల చట్టము భయముచేత ఆసుపత్రులు మార్ఫినునే ఉంచుకొనుట మానినవి. 2014లో చట్టము సడలినది. భయము అంత త్వరగా సడలలేదు. మార్ఫిను వ్రాయు అధికారము మనకడ డాక్టరుదే.

అయినను నర్సు చేయగలది చాల ఉన్నది. నొప్పి ఎంత యని అడుగుటయే ఒక విద్య. పుస్తకములు సున్న మొదలు పదివరకు అంకె చెప్పించుమనును. లంకలోని ముసలమ్మకు ఆ అంకెలు పట్టవు. "రూపాయిలో ఎన్ని అణాల నొప్పి మామ్మగారూ?" అని అడిగినచో ఆమె తడుముకొనక చెప్పును. పదహారణాల నొప్పి యన్నచో ఇక వివరణ అక్కరలేదు. మార్ఫిను నాలుగు గంటలకొకసారి, నొప్పి వచ్చినను రాకున్నను, గడియారము చూచి ఇయ్యవలెను. దానితో మలబద్ధము తప్పదు గనుక విరేచనపు మందును మొదటి దినముననే కలుపవలెను. దుర్వాసన గల పుండుపై, విరేచనములకు వాడు మెట్రొనిడజోలు బిళ్ళను మెత్తగా నూరి చల్లినచో, కొద్ది దినములలో వాసన తగ్గును. వెల కొద్ది రూపాయలు. ఈ వాడుక మా మేనత్తగారి కాలమునకు ఇంకను పల్లెలకు రాలేదు. తరువాత ఎన్నడో ఒక నర్సుల శిక్షణ తరగతిలో దీనిని వినినప్పుడు మాకు ఆ తలుపు వేసియుంచిన గది జ్ఞాపకము వచ్చి కొంతసేపు మాట పెగలలేదు.

శిక్షణ భాషను గూర్చి కూడ ఒక మాట. నర్సుల పుస్తకములు ఇంగ్లీషులో ఉన్నవి. రోగి తెలుగులో నొచ్చుకొనును. తెల్లబట్ట, ఎర్రబట్ట, గడ్డ, పొక్కు, మింగుడు పడకపోవుట, గొంతు బొంగురు పోవుట, ఇవి రోగి చెప్పు మాటలు. వీనిలో ఏ మాట వెనుక ఏ అపాయము పొంచియున్నదో తెలుగులో నేర్పిన పాఠము వేరు, ఇంగ్లీషు పేర్లు వల్లెవేయించిన పాఠము వేరు. రోగి ఎదుట రోగము పేరు చెప్పవచ్చునా, ఎట్లు చెప్పవలెను, ఇంటివారు "అమ్మకు చెప్పకండి" అని చేతులు పట్టుకొన్నప్పుడు ఏమి చేయవలెను అనునవి కూడ నేర్పదగినవే. మా మేనత్తగారికి తన రోగమేదో తెలియునని మాకు ఇప్పుడు నమ్మకము. అడుగుటకు మాత్రము ఆమెకు మనిషి లేకపోయినది.

కాలము కొంత మారినది. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము, ఈ మూడింటిని 30 ఏండ్లు దాటినవారిలో పరీక్షింపవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము మార్గసూచి ఇచ్చినది. 2018నుండి ఆయుష్మాన్ భారత్ క్రింద ఉపకేంద్రములలో కొత్త ఉద్యోగులను నియమించుట మొదలైనది. ఆంధ్రదేశమున వీరిలో చాలమంది బి.ఎస్సీ. నర్సింగు చదివిన యువతులు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భాశయ ముఖద్వార క్యాన్సరును తుదముట్టించుటకు మూడు గురులు పెట్టినది: నూటికి 90 మంది బాలికలకు టీకా, 70 మంది స్త్రీలకు పరీక్ష, రోగము కనబడినవారిలో 90 మందికి చికిత్స. కాగితముమీద దారి పూర్తి యైనది. నియమింపబడిన ఆ యువతికి చేతితో చేసి చూపించి నేర్పినారా, రెండు దినములు ఉపన్యాసము వినిపించి పంపినారా, అది ఊరికొక రీతిగా ఉన్నది.

కొన్నాళ్ళ క్రిందట మేము ఆ లంకగ్రామమునకు పోయినప్పుడు ఉపకేంద్రపు అమ్మాయి ఒకతె సంచితో ఇంటికి వచ్చినది. ఇరువదియైదేండ్లు ఉండవచ్చును. మమ్ములను వాకిటి వెలుగులో అరుగుపై కూర్చుండబెట్టి, నోరు తెరిపించి, టార్చి వేసి, నాలుక ఎత్తించి, బుగ్గలు రెండును వ్రేళ్ళతో లాగి చూచినది. "చుట్ట తాగేవారా తాతగారూ?" అని అడిగినది. మానివేసి ముప్పదియేండ్లయినదని చెప్పినాము. రిజిస్టరులో వ్రాసికొన్నది. పిదప లోపలికి పోయి ఇంటి ఆడవారిని పిలిచినది. పెద్ద కోడలు వంటలో ఉన్నానన్నది. చిన్న కోడలు తరువాత చూతమన్నది. పక్కింటి మామ్మగారు ఈ వయసులో నాకెందుకు తల్లీ అన్నది. ఆ అమ్మాయి నొచ్చుకొనలేదు. నూతివద్ద కాళ్ళు కడిగికొని, అక్కడనే నిలబడి మామ్మగారితో ఏదో మెల్లగా మాట్లాడినది. పోవునపుడు గురువారము మరల వచ్చెదనని చెప్పి, ఆ పుటలో మూడు గళ్ళు ఖాళీగా విడిచినది.